అనంతపురం ఎండల్లో ఇంటితోట: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా శివరాత్రి దాటగానే అవే సందేహాలు మొదలవుతాయి. టమాటా పూత రాలిపోయింది, కొత్తిమీర మొలవలేదు, మొన్న తెచ్చిన గులాబీ ఎండిపోయింది. చాలావాటికి కారణం ఒకటే. మనం చూసే తోటల వీడియోలు బెంగళూరువో కోస్తావో అయి ఉంటాయి, మన తొట్లు మాత్రం అనంతపురంలో ఉంటాయి. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఈ జిల్లాకు ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానే దిక్కు. అందులోనూ ఎక్కువగా కురిసే నెల సెప్టెంబరు. అందుకే ఇక్కడ ఇంటితోటకు సంవత్సరాది ఉగాది కాదు, వినాయక చవితి. ఎండాకాలం మొక్కను కాపాడుకునే కాలమే తప్ప కొత్తగా తోట మొదలుపెట్టే కాలం కాదు. కర్నూలు, కడప, మహబూబ్‌నగర్ వైపు వారికి కూడా ఈ జవాబులు కొద్దిపాటి తేడాలతో పనికొస్తాయి.

## మొదలుపెట్టే ముందు

మా మేడ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండే. అక్కడ మొక్కలు బతుకుతాయా?

బతుకుతాయి. కాయగూరలకు రోజుకు ఆరు గంటల ఎండ చాలు, మీకు వస్తున్నది అవసరానికి మించినది. కాబట్టి ఎండను వెతుక్కోవడం కాదు, తప్పించుకోవడం మీ పని. మేడ మీద పడమటి పిట్టగోడ ఎంత ఎత్తు ఉంటే అంత మేలు. తొట్లను ఆ గోడకు లోపలివైపు ఆనించి పెడితే మూడు గంటల తర్వాతి ఎండ తప్పుతుంది. మొక్కను మాడ్చేది ఆ ఎండే. శ్లాబు పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రి పొద్దుపోయేదాకా వదులుతూ ఉంటుంది. అందుకే తొట్టిని నేరుగా నేల మీద పెట్టకండి. కింద రెండు ఇటుకలు పెట్టినా గాలి ఆడుతుంది, శ్లాబు మీద చెమ్మా నిలవదు. బరువు కూడా చూసుకోండి. 20 లీటర్ల బక్కెట్టు నిండా మట్టి తడిస్తే సుమారు 30 కిలోలు తూగుతుంది. పెద్ద తొట్లు గోడల మీదుగా, దూలాల మీదుగా ఉండాలి, కింది గది నడిమధ్యన కాదు.

నల్ల గ్రో బ్యాగులు, సిమెంటు తొట్లు, మట్టి కుండీలు, పాత బక్కెట్లు... వీటిలో ఏవి మంచివి?

దేనితో చేశారన్నదానికంటే ఎంత లోతు ఉందన్నది ముఖ్యం. ఆకుకూరలకు 8 అంగుళాలు, వంగ, మిరప, టమాటాలకు అడుగు, తీగజాతులకూ నిమ్మకూ అడుగున్నరకు తక్కువ కాకూడదు. చల్లటి ఊళ్లలో ఇంతకంటే చిన్నవాటిలోనూ పండిస్తారు. మన దగ్గర చిన్న తొట్టి మధ్యాహ్నానికే పొడిబారుతుంది. నల్లరంగు వేడిని లాగుతుంది కాబట్టి ఎండ తగిలే వైపు వేర్లు ఉడికిపోతాయి. బయట తెలుపు, లోపల నలుపు ఉండే బ్యాగులు దొరికితే అవే కొనండి. ఉన్న బక్కెట్లకు బయట సున్నం పూస్తే సరిపోతుంది. మట్టి కుండీ చల్లగా ఉంటుంది గాని నీళ్లు ఎక్కువ తాగుతుంది.

ఎర్రమట్టి ఒక్కటే నింపితే చాలదా?

చాలదు. నేలలో ఉన్నప్పుడు బాగానే ఉండే మన ఎర్రమట్టి తొట్టిలో పోస్తే నాలుగు తడులకే గట్టిపడి, పైన పెచ్చు కడుతుంది. పోసిన నీరు ఆ పెచ్చు మీదుగా అంచుల వెంట జారిపోతుంది, వేరు తడవదు. సగం ఎర్రమట్టి, మూడో వంతు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, మిగిలినది కొబ్బరి పొట్టు కలపండి. తొట్టికి ఓ గుప్పెడు వేపపిండి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, ముందు రెండుసార్లు నీళ్లలో నానబెట్టి పిండాలి. పచ్చి పేడ మాత్రం వేయవద్దు. అది కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది, పైగా చెదలను పిలుస్తుంది.

మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. మొక్కలకు పోయవచ్చా?

పోయవచ్చు, పోసే పద్ధతి మార్చాలి. ఆకు కొసలు మాడి గోధుమరంగుకు తిరగడం, మట్టి మీద తెల్లటి పొర కట్టడం ఉప్పు పేరుకుంటున్నదనడానికి గుర్తు. రోజూ గ్లాసెడు గ్లాసెడు పోస్తే నీరు ఆవిరై ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. పోసిన ప్రతిసారీ అడుగు రంధ్రం నుంచి కొంచెం నీరు బయటికి రావాలి, ఆ నీటితో ఉప్పూ పోతుంది. వాన కురిసిన రోజు తొట్లను ఆరుబయట ఉంచితే ఏ మందూ చేయలేని శుద్ధి జరుగుతుంది. చిక్కుడు, క్యారెట్, నిమ్మ ఉప్పును అసలు ఓర్వవు. బీట్‌రూట్, పాలకూర కొంత ఓర్చుకుంటాయి.

నీటిశుద్ధి యంత్రం వదిలేసే నీళ్లు వృథా అవుతున్నాయని చాలామంది మొక్కలకు మళ్లిస్తారు. బోరు నీటిలోని లవణాలన్నీ అందులోనే చిక్కబడి ఉంటాయి, వాటిని వాకిలి కడగడానికి వాడుకోండి. నీటి గట్టిదనాన్ని తగ్గించే యంత్రం ఉంటే దాని నీళ్లూ వద్దు, వాటిలో సోడియం పెరుగుతుంది. ఏసీ నుంచి కారే నీరు మాత్రం దాదాపు లవణాలు లేనిది. దాన్ని బక్కెట్టులో పట్టి, సున్నితమైన మొక్కలకు పోయండి. బియ్యం కడిగిన నీళ్లు నిరభ్యంతరంగా పోయవచ్చు.

## విత్తనం, నారు

ఏ నెలలో ఏమి వేయాలో ఒక్కచోట చెప్పండి.

వినాయక చవితి నుంచి దసరా లోపు టమాటా, వంగ, మిరప నారు పోసుకోండి. చిక్కుడు, ముల్లంగి, మెంతి, పాలకూర, కొత్తిమీర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా విడతలుగా వేయవచ్చు. క్యారెట్, క్యాబేజీ, కాలీఫ్లవర్ సరదా ఉన్నవారికి అక్టోబరే అదను. సంక్రాంతి, రథసప్తమి మధ్య బెండ, గోరుచిక్కుడు, అలసంద, దోస, బీర, సొర, కాకర విత్తేయాలి. ఎండ ముదిరేలోపు వేరు లోతుకు దిగితేనే అవి నిలుస్తాయి. మార్చి దాటాక గోంగూర, తోటకూర, బచ్చలి తప్ప మరేదీ కొత్తగా వేయవద్దు. జూన్, జూలైల్లో తీగజాతులు మరోసారి వేయవచ్చు గాని గాలికి ఏర్పాటు ఉండాలి.

ధనియాలు ఎన్నిసార్లు చల్లినా మొలవడం లేదు. విత్తనం మంచిది కాదా?

వంటింటి ధనియాలు కూడా సాధారణంగా మొలుస్తాయి. అయితే ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి, అరచేతితో నలిపి రెండు బద్దలుగా విడదీసి, రాత్రంతా నానబెట్టి వేయాలి. అలా చేసినా మొలవలేదంటే వేసిన కాలమే తప్పు. మట్టి వేడెక్కితే ధనియాలు మొలవవు, మొలిచినా జానెడు పెరగకముందే పూతకు వస్తాయి. ఏప్రిల్‌లో కొత్తిమీర కావాలంటే అంగడికి వెళ్లడమే తెలివైన పని. మార్చి వరకు లాగాలంటే ఉదయం ఎండ మాత్రమే పడే చోట, మట్టిపై తడి గోనెపట్టా కప్పి మొలిపించండి. మొలక కనబడిన రోజే పట్టా తీసేయాలి.

కడియం నుంచి తెప్పించిన మొక్క వారానికే ఎండిపోయింది. నర్సరీవాళ్లు మోసం చేశారా?

మోసమేమీ లేదు. గోదావరి ఒడ్డున తేమగాలిలో, నీడలో పెరిగిన మొక్క ఒక్కసారిగా మన వడగాలిలో పడింది. పైగా దాని వేర్ల చుట్టూ ఉండేది జిగట బంకమట్టి ఉండ. దాని చుట్టూ మన ఎర్రమట్టి పోస్తే, పోసిన నీరంతా ఎర్రమట్టిలోంచి కిందికి పోతుంది. బంకమట్టి ఉండ మాత్రం లోపల రాయిలా ఎండి ఉంటుంది. పైన చూస్తే తడి, లోపల వేరుకు దాహం.

మొక్క రాగానే నాటవద్దు. పది, పదిహేను రోజులు చెట్టు నీడలోనో వరండాలోనో ఉంచి, తర్వాత ఉదయపు ఎండకు అలవాటు చేయండి. నాటే రోజున ఉండను నీళ్ల బక్కెట్టులో బుడగలు ఆగేదాకా ముంచి, చేత్తో అంచుల మట్టిని మెల్లగా వదులు చేసి నాటాలి. అన్నిటికంటే తేలికైన జాగ్రత్త ఏమిటంటే, మార్చి నుంచి జూన్ దాకా దూరపు నర్సరీ మొక్కలు కొనకుండా ఉండటం.

## ఎండాకాలం: ఫిబ్రవరి చివర నుంచి రోహిణి కార్తె దాకా

రోజుకు ఎన్నిసార్లు నీళ్లు పోయాలి?

దీనికి లెక్క చెప్పేవారిని నమ్మకండి. వేలు రెండు కణుపుల లోతుకు దింపి చూడండి. లోపల చెమ్మ తగిలితే అవసరం లేదు, పొడిగా ఉంటే పోయాలి. ఏప్రిల్, మే నెలల్లో చిన్న తొట్లకు రెండు పూటలా, పెద్దవాటికి ఒక పూట పడుతుంది. పొద్దున ఎనిమిదిలోపు పోసే తడి ముఖ్యమైనది. రోజంతా తట్టుకోవడానికి మొక్క దాన్నే వాడుకుంటుంది. ఒక సంగతి మరచిపోతుంటారు. సాయంత్రం గొట్టంలో నిలిచిన నీరు, పైట్యాంకు నీరు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. గొట్టంలోని నీళ్లు ముందు బక్కెట్టులోకి వదిలేసి, చల్లబడ్డాక పోయండి.

మధ్యాహ్నం ఆకులు వేలాడిపోతున్నాయి. వెంటనే నీళ్లు పోయాలా?

ముందు మట్టిని తాకి చూడండి. మట్టి తడిగా ఉండి ఆకులు వేలాడుతుంటే అది దాహం కాదు. వేరు అందించే వేగం కంటే ఆకు కోల్పోయే వేగం ఎక్కువైంది, అంతే. గుమ్మడి, సొర, దోస ఆకులు ఇలా రోజూ చేస్తాయి. సాయంత్రం ఆరుకల్లా మళ్లీ నిలబడితే చింత లేదు. తడి మట్టిలో మళ్లీ మళ్లీ నీళ్లు పోస్తే గాలి ఆడక వేరు కుళ్లుతుంది. అప్పుడు కూడా ఆకు వేలాడుతుంది, మనం ఇంకా పోస్తాం. ఎండాకాలంలో నీళ్లు ఎక్కువై చచ్చే మొక్కలు తక్కువేమీ కాదు. పొద్దున లేచేసరికే వాడి ఉంటే మాత్రం తప్పకుండా పట్టించుకోవాలి. అది నీళ్లు లేకనో, వేరు దెబ్బతినో జరుగుతుంది.

టమాటాకు పూత విరగబూసింది, ఒక్క పిందె నిలవలేదు. ఏ మందు కొట్టాలి?

ఏ మందూ వద్దు. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటితే టమాటా పుప్పొడి శక్తి కోల్పోతుంది, పూలు కాడతో సహా రాలిపోతాయి. మనకు మార్చి నుంచే ఆ పరిస్థితి. పూత నిలిపే మందులని అమ్మేవి పగటి వేడిని తగ్గించలేవు. మొక్క ఆరోగ్యంగా ఉంటే పైకొమ్మలు మూడో వంతు కత్తిరించి, నీడలోకి జరిపి, తక్కువ నీళ్లతో కాపాడండి. వానల్లో కొత్త చిగురు వేసి మళ్లీ కాస్తుంది. ముడత తెగులు పట్టి, ఆకులు ముడుచుకున్న మొక్కను మాత్రం మొహమాటం లేకుండా పీకేయండి. వంగ, మిరపలకూ పూత రాలుతుంది గాని అవి టమాటా కంటే మొండివి.

షేడ్‌నెట్ ఎంత శాతం తీసుకోవాలి? ఎప్పుడు కట్టాలి?

ఆకుకూరలకు, నారుమడికి 50 శాతం, అంటే సగం ఎండను ఆపే వల. కాయలు కాసేవాటికి 35 శాతం దొరికితే మంచిది, దొరకకపోతే 50 శాతం వల పడమటి వైపు, నడినెత్తిన మాత్రమే కట్టి తూర్పు వదిలేయండి. 75 శాతం వల కింద మొక్కలు సాగిపోతాయి, కాయవు. వల మొక్కల తలకు ఆరేడు అడుగుల ఎత్తులో ఉండాలి, మొక్కను అంటుకునేలా కడితే కింద వేడి నిలిచిపోతుంది. ఉగాది లోపు కట్టి, వానలు కుదురుకోగానే విప్పేయండి. ఏడాది పొడుగునా ఉంచేవారు శీతాకాలంలో కాపు లేదని బాధపడుతుంటారు.

మట్టి మీద ఏమి కప్పితే మంచిది?

ఇది ఒక్కటి చేస్తే నీటి ఖర్చు కళ్లకు కనిపించేంత తగ్గుతుంది. అనంతపురంలో ఉంటూ దీనికి డబ్బు ఖర్చు పెట్టడం అనవసరం. వేరుశనగ పొట్టు, అదే బుడ్డల పొట్టు, నూనె మిల్లుల దగ్గర బస్తాలకు బస్తాలు ఉంటుంది. రెండు, మూడు అంగుళాల మందంగా పరచండి. గింజలు మిగిలి ఉంటే ఎలుకలు, ఉడుతలు తవ్వుతాయి కాబట్టి ఒకసారి చెరిగి వేయడం మంచిది. ఎండుటాకులు, వరిగడ్డి, కొబ్బరి పీచు కూడా పనిచేస్తాయి. దేన్నయినా కాండానికి రెండు అంగుళాల దూరంగా ఉంచాలి, ఆనించి కప్పితే మొదలు కుళ్లుతుంది. చెదలు ఉన్న పెరట్లో కింద కాస్త వేపపిండి చల్లి పైన కప్పండి.

వారం రోజులు ఊరికి వెళ్తున్నాం. మొక్కల సంగతి?

పక్కింటివారికి చెప్పి వెళ్లడమే అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. అది కుదరకపోతే తొట్లన్నీ నీడలో ఒకదానికొకటి ఆనించి గుంపుగా పెట్టి, విచ్చిన పూలూ పిందెలూ తుంచి, నిండా తడిపి వెళ్లండి. పెద్ద తొట్లలో, నేలలో అయితే కుండ పాతవచ్చు. రంగు వేయని మట్టికుండను మెడదాకా పూడ్చి, నీళ్లు నింపి, మూత పెడితే గోడల్లోంచి చెమ్మ మెల్లగా ఊరుతుంది. ఐదు లీటర్ల కుండ చుట్టూ నాలుగు కూరగాయ మొక్కలకు కొన్ని రోజులు సరిపోతుంది. బోరు నీటి ఉప్పుకు కుండ రంధ్రాలు పూడుకుపోతాయి కాబట్టి ఏడాదికోసారి మార్చుకోవాలి.

ఇంత ఎండలోనూ సంతోషంగా పెరిగేవి ఏవీ లేవా?

లేకేం. గోరుచిక్కుడు, గోంగూర, అలసంద, తోటకూర, మునగ, కరివేపాకు. గంగవాయిలికూర అయితే పిలవకుండానే వస్తుంది, కలుపని పీకేయకుండా పప్పులో వేసుకోండి. పూలలో మల్లె, నూరువరహాలు, కాగితపూలు ఎండకు వెరవవు.

సీతాఫలం మొక్క ఆకులన్నీ రాల్చేసింది. చచ్చిపోయిందా?

చాలావరకు బతికే ఉంటుంది. ఎండ ముదిరే ముందు ఆకు రాల్చి విశ్రాంతి తీసుకోవడం దాని స్వభావం. కొమ్మను గోటితో గీకి చూడండి, కింద పచ్చగా ఉంటే సరే. ఆకులు లేని మొక్కకు నీళ్లు తక్కువ చాలు.

ఎండలకు బలం రావాలని ఎరువు వేయవచ్చా?

వద్దు. ముఖ్యంగా యూరియా, డీఏపీ లాంటివి ఏప్రిల్, మే నెలల్లో తొట్టి మొక్కలకు వేస్తే వేరు మాడుతుంది. పేడ, గోమూత్రం, బెల్లం, పప్పుపిండి కలిపి పులియబెట్టిన జీవామృతాన్ని పలుచగా చేసి పదిహేను రోజులకోసారి పోస్తే చాలు.

## తొలకరి, ఆషాఢపు గాలులు

మృగశిర వచ్చింది, ఒక వాన కూడా పడింది. విత్తనాలు వేయవచ్చా?

తొందరపడవద్దు. మన దగ్గర జూన్‌లో ఒక వాన పడి, తర్వాత వారాల తరబడి మబ్బులు ఊరికే దాటిపోవడం మామూలే. ఆ వానను నమ్మి వేసిన గింజ మొలిచి ఎండిపోతుంది. రోజూ నీళ్లు పోయగలిగితే బెండ, గోరుచిక్కుడు, బీర వేయండి. వానమీదే ఆధారపడితే ఆగండి. ఈలోగా పాత తొట్ల మట్టిని బోర్లించి, ఎండబెట్టి, కొత్త ఎరువు కలిపి సిద్ధం చేసుకోవచ్చు.

గాలికి పందిరి ప్రతి ఏడూ పడిపోతోంది. ఏమి చేయాలి?

గాలిమరలు పాతుకునేంత గాలి ఉన్న జిల్లా ఇది. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి తీగలను విరగ్గొట్టడమే కాదు, ఆకుల్లోని తేమను కూడా లాగేస్తుంది. మబ్బు పట్టిందని నీళ్లు మానేస్తే ఈ గాలికే మొక్కలు ఎండుతాయి. మేడ మీద తల ఎత్తు పందిరి వద్దు. నడుము ఎత్తున, ఇనుప చట్రం మీద తాళ్లతో అల్లి, కాళ్లను బరువైన తొట్లకే కట్టండి. పడమటి వైపు వల కడితే గాలి విసురు తగ్గుతుంది. రేకు, గుడ్డ అడ్డం కట్టకూడదు, గాలి వాటిని పట్టుకుని చట్రాన్నే ఎత్తేస్తుంది. నేల ఉన్నవారు పడమర హద్దున మునగ, అవిసె చెట్లు వరుసగా నాటుకుంటే రెండేళ్లలో గాలికి ప్రాణమున్న గోడ తయారవుతుంది.

మామిడి, జామ, సపోటా ఎప్పుడు నాటాలి?

గుంట మే నెలలో తీయండి. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. ఆ ఎండకు గుంటలోని పురుగులు, తెగుళ్లు తగ్గుతాయి. ఆగస్టు చివర, సెప్టెంబరులో వానలు నిలకడగా ఉన్నప్పుడు నాటండి. పడమటి వైపు ఒక కర్ర పాతి వదులుగా కట్టాలి. అంటు కట్టిన చోటు మట్టికి పైనే ఉండాలి, దాని కింద నుంచి వచ్చే చిగుళ్లను గిల్లేస్తూ ఉండాలి.

## వినాయక చవితి నుంచి సంక్రాంతి దాకా

క్యాబేజీ, క్యారెట్ మా ఊళ్లో కూడా పండుతాయా?

పండుతాయి, చలి ఉన్నంతసేపే. అక్టోబరులో నాటితే జనవరికి చేతికొస్తాయి. డిసెంబరులో నాటితే గడ్డ కట్టే వేళకు ఎండ వస్తుంది. క్యారెట్‌ను నారు పోసి నాటకండి, వేరు వంకరపోతుంది. నేరుగా విత్తి, రెండు అంగుళాలకొకటి ఉంచి మిగతావి పీకేయాలి.

మల్లెపొద ఆకులతో దట్టంగా ఉంది, పూలు మాత్రం అరకొర. ఎందుకు?

శీతాకాలంలో దాన్ని నిద్రపోనివ్వలేదు కాబట్టి. నవంబరు, డిసెంబరుల్లో నీళ్లు బాగా తగ్గించి ఆకు రాలనివ్వాలి. డిసెంబరు చివర నుంచి జనవరి మధ్యలోపు మోకాలి ఎత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకులు దూసేయండి. పాదు తవ్వి రెండు రోజులు వేర్లకు ఎండ తగలనిచ్చి, మాగిన ఎరువు, కాస్త వేరుశనగ చెక్క వేసి తడి మొదలుపెట్టండి. మార్చికి కొత్త కొమ్మలకు మొగ్గలు వస్తాయి. కొత్త కొమ్మకే మల్లె పూస్తుంది, పాత పొదను ముద్దుచేసి లాభం లేదు.

మునగ ఏపుగా పెరిగింది, కాయ లేదు.

నీళ్లు, పేడ ఎక్కువయ్యాయి. పక్కన స్నానాల నీరు పారే చోట నాటిన మునగ ఇలాగే చేస్తుంది. తడి తగ్గించండి. మొక్క మూడడుగులు కాగానే తల తుంచితే పక్కకొమ్మలు వస్తాయి, కాయలు చేతికందుతాయి.

## చీడపీడలు

బెండ ఆకులు ఈనెల వెంట పసుపు పచ్చగా మారి, కాయలు కూడా పాలిపోతున్నాయి.

ఇది పల్లాకు తెగులు. వైరస్ వల్ల వస్తుంది, తెల్లదోమ దాన్ని ఒక మొక్క నుంచి మరో మొక్కకు మోస్తుంది. పట్టిన మొక్క బాగుపడదు, పీకి దూరంగా పారేయండి. మిగిలిన వాటి మధ్య పసుపు రంగు జిగురు అట్టలు వేలాడదీయండి. వచ్చేసారి అర్క అనామిక లాంటి తట్టుకునే రకం వేయండి. పాలిపోయిన కాయలు తినవచ్చా అని అడుగుతుంటారు. తినవచ్చు, రుచి ఉండదు.

ఆకుల కింద ఎర్రటి దుమ్ము, సన్నటి బూజు కనిపిస్తోంది. ఆకులు కంచు రంగుకు తిరిగాయి.

ఎర్రనల్లి. ఎంత ఎండ, ఎంత పొడి ఉంటే అంత వేగంగా పెరుగుతుంది. వంగ, బెండ, గులాబీ, కనకాంబరం దానికి ఇష్టం. మూడు రోజులపాటు ఉదయాన్నే ఆకుల అడుగున బలంగా నీళ్లు కొట్టండి, సగం పోరాటం అక్కడే అయిపోతుంది. మిగిలితే వేపనూనె. నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు కూడా పనిచేస్తుంది గాని ఎండ ముదిరిన నెలల్లో ఆకులను మాడుస్తుంది. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం కొట్టకూడదు.

వేపనూనె కొడితే ఆకులే మాడిపోయాయి. ఎలా వాడాలి?

లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు మించకూడదు. నూనె నేరుగా నీటిలో కలవదు. ముందు కొద్దిగా గోరువెచ్చటి నీటిలో సబ్బు ద్రవం వేసి, అందులో నూనె పోసి తెల్లగా పాలలా అయ్యేదాకా గిలక్కొట్టి, తర్వాత మిగతా నీళ్లు కలపాలి. తేట మీద తేలే నూనె ఆకుపై పడి ఎండ తగిలితే మాడక ఏమవుతుంది? పొద్దుగూకాక, మొక్కకు అంతకుముందే నీళ్లు పోసి కొట్టండి. పూత మీద పడనివ్వకండి, తేనెటీగలు వచ్చే వేళ కొట్టకండి.

నూనె కొనే అవసరం లేకుండా, జూన్, జూలైల్లో రోడ్ల వెంట రాలే వేపపండ్లు ఏరి, గుజ్జు కడిగి, గింజలను నీడలో ఆరబెట్టి దాచుకోవచ్చు. పప్పు పొడిచేసి, లీటరుకు 50 గ్రాముల చొప్పున రాత్రంతా నానబెట్టి వడకడితే కషాయం సిద్ధం. దాన్ని ఆ రోజే వాడేయాలి, మర్నాటికి బలం ఉండదు.